వాలు లేని బల్ల

చనిపోయి నూట ఎనిమిదేళ్లయిన ఏనుగు ఒకటి సోమవారం ఉదయం పదిన్నరకి విక్టరీ క్లబ్బుకి వచ్చి, తన దంతాలు తనకి తిరిగి ఇప్పించవలసిందిగా అర్జీ పెట్టుకుంది. సోమవారం క్లబ్బుకి సెలవు. అందుచేత అర్జీని మంగళవారం తేదీ వేసి తీసుకున్నారు. ఆ ఒక్కరోజూ ఏనుగు గేటు పక్కన, సైకిళ్లు పెట్టుకునే రేకుల షెడ్డు నీడలో నిలబడి ఉంది. చచ్చిపోయింది కనక మేత అడగలేదు, మంచినీళ్లు అడగలేదు. ఇలాంటి అర్జీదారులైతే ఎంతమంది వచ్చినా ఇబ్బంది లేదని ఆఫీసు గుమస్తా మెచ్చుకున్నాడు.

అర్జీ కలెక్టరాఫీసు ముందు గొడుగు కింద కూర్చునే లేఖరి చేత రాయించింది. పేరు దగ్గర 'లేదు' అని ఉంది. తండ్రి పేరు దగ్గర 'తెలియదు'. నివాసం దగ్గర 'గతంలో అడవి'. సంతకం చోట తొండం ముద్ర. విషయం మాత్రం సూటిగానే ఉంది. "1917లో ఈ క్లబ్బు పెట్టిన దొరగారు కొండల మీద నన్ను కాల్చి, నా దంతాలతో బిలియర్డ్స్ బంతులు మూడు చేయించి క్లబ్బుకి బహూకరించారు. దంతాలు లేవన్న కారణం చేత, చనిపోయిన మా మంద చేరిన చోటికి నన్ను రానివ్వడం లేదు. వచ్చినప్పటి ఒళ్లు వచ్చినట్టు తెమ్మంటున్నారు. ఆడ ఏనుగులకి దంతాలుండవు కనక మా అమ్మకి ఆ చిక్కు రాలేదు. అమ్మ లోపల ఉంది. నేను బయట వరసలో ఉన్నాను. చనిపోయే నాటికి నా వయసు పద్నాలుగు. దయ ఉంచి మూడు బంతులూ ఇప్పించగలరు." అడుగున సాక్ష్యం అన్న చోట, 'క్లబ్బు మార్కరు దాలినాయుడు గారు ముప్పై ఏడేళ్లుగా అతిథులకి చెబుతున్న మాట' అని రాసి ఉంది.

క్లబ్బులో మాట్లాడుకున్నది బయటికి పొక్కడం కొత్త కాదు. ఆ మాట అంత దూరం ఎలా చేరిందని ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయినవాడు దాలినాయుడొక్కడే. తన పేరు పక్కన 'గారు' అని రాసిన కాగితం అతను చూడటం అదే మొదటిసారి.

మార్కరంటే ఆడేవాళ్లు కొట్టిన ప్రతి దెబ్బకీ పాయింట్లు పిలిచి బోర్డు మీద జరిపేవాడు. అది పైకి కనిపించే పని. కనిపించని పని చాలా ఉంది. పొద్దున్నే పచ్చ గుడ్డని బ్రష్షుతో దువ్వి, వేడి తగ్గించిన ఇస్త్రీపెట్టెతో ఒకే దిక్కుకి రుద్దాలి. గుడ్డ కింద రాతిపలకలు అయిదుంటాయి, మనిషి నడుమంత లావైన బల్ల కాళ్లు ఎనిమిదుంటాయి. తాపీవాళ్లు వాడే రసమట్టం తెచ్చి బల్ల మీద తొమ్మిది చోట్ల పెట్టి, గాజు గొట్టంలోని బుడగ నడుమ నిలిచిందో లేదో చూడాలి. నిలవకపోతే పాత పేకముక్క చీల్చి ఆ కాలి కింద దోపాలి. దాలినాయుడు ఈ పని ముప్పై ఏడేళ్లుగా ఒక్కపూట మానలేదు. కూతురి పెళ్లినాడు కూడా తలంబ్రాల ముందు ఒకసారి వచ్చి మట్టం చూసి వెళ్లాడు. అతని బల్ల మీద బంతి ఆగిందంటే ఆగినట్టే. జిల్లా మొత్తానికి వాలు లేనిది ఏదైనా ఉందంటే అది ఈ బల్లేనని పాత కలెక్టరొకాయన అన్నాడని చెప్పుకుంటాడు.

కొత్తవాళ్లు వచ్చినప్పుడు బల్ల కథ చెప్పడం కూడా అతని పనే. "ఈ ఆట ముందర ఆరుబయట పచ్చిక మీద ఆడీవోరు బాబూ" అని మొదలుపెట్టేవాడు. వానకీ చలికీ తట్టుకోలేక దొరలు ఆటని ఇంట్లోకి తెచ్చుకున్నారు. పచ్చిక మీద బెంగ తీరక బల్లకి పచ్చ గుడ్డ కప్పారు. మొదట్లో బంతిని కర్ర లావుపాటి తలతో తోసేవారు. బంతి గట్టు వారకి పోయినప్పుడు తల పట్టేది కాదు, కర్ర తిప్పి తోకతో కొట్టేవారు. కొట్టగా కొట్టగా తోకే కర్రయి కూర్చుంది. స్నూకరు పుట్టింది మన దేశంలోనే, వానాకాలంలో బయటికి పోలేక పొద్దుపోని సైన్యం దొరల దగ్గర. ఇక బంతుల సంగతికి వచ్చేసరికి దాలినాయుడు గొంతు తగ్గించేవాడు. ముసలి ఏనుగు దంతం పనికిరాదు. బంతి కన్నా రవ్వంత లావుండే లేత దంతం కావాలి. దంతం మధ్యలో సన్నటి నరం పోతుంది, ఆ నరం సరిగ్గా బంతి నడుమ నుంచి పోవాలి, లేకపోతే బంతి ఒక పక్కకి ఈడుస్తుంది. ఏనుగులు అయిపోతున్నాయని ఒకప్పుడు దొరలు భయపడి, దంతానికి మారు ఇంకోటి కనిపెట్టినవాడికి పెద్ద బహుమానం ప్రకటించారట. ఏనుగుల మీద జాలితో కాదు, ఆట ఆగిపోతుందని. ఎవరో మందులూ మాకులూ కలిపి బంతులు చేశారట, గట్టిగా తగిలితే అవి తుపాకీలా పేలేవట. "ఇయ్యి అయ్యి కావు బాబూ. మూడూ ఒక్క గున్నవి. ఆ నల్ల సుక్క సూడండి, అదే నరం" అని బంతిని అరచేతిలో పెట్టి చూపేవాడు. చూసినవాళ్లంతా మురిసిపోయేవారు.

బంతులు టేకు పెట్టెలో తవుడు పోసి అందులో ఉంచేవాడు. దంతం చచ్చినా ఊపిరి పీలుస్తుందని అతని ముందున్న మార్కరు చెప్పాడు. ఎండకి ముడుచుకుంటుంది, వానకి ఉబ్బుతుంది. అందుకని రోజూ సాయంత్రం నరం చుక్క పైకి వచ్చేలా ఒక్కో బంతినీ తిప్పి పడుకోబెట్టాలి. సొంత పిల్లని కూడా అంత మెల్లిగా పడుకోబెట్టలేదని భార్య సన్యాసమ్మ దెప్పుతూ ఉంటుంది.

అర్జీ సంగతి విని సన్యాసమ్మ అన్నం వడ్డిస్తూ ఆగింది.

"మరయితే ఇచ్చీరాదా? దాని పళ్లు దానికి."

"ఇచ్చీడానికి అయ్యి నా పళ్లేటే?"

"పద్నాలుగేళ్ల గున్నట. ఓలమ్మా, అమ్మ లోపలున్నాదంట, ఇది బయటున్నాదంట. నిన్ను సాచ్చికం అడిగితే ఉన్నదున్నట్టు సెప్పు."

"అడిగితే సెప్తాను. మార్కరన్నోడు అబద్దం ఆడతాడేటి?" అన్నాడు దాలినాయుడు. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు.

బుధవారం క్లబ్బు కార్యదర్శి గోపాలరాజు అతన్ని గదిలోకి పిలిచాడు. గోపాలరాజు రిటైరైన ఇంజనీరు, నెమ్మదస్తుడు, ఎవర్నీ గట్టిగా కసరడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. దాలినాయుడు కూర్చోలేదు.

"బంతులు పోతే బల్లెందుకు దాలినాయుడూ? బల్ల లేకపోతే ఆ గదిలో ఏసీ పెట్టి రమ్మీ టేబుళ్లు వేయించమని కమిటీలో సగం మంది ఎప్పట్నుంచో అడుగుతున్నారు. నేనే ఆపుతున్నాను. రమ్మీకి మార్కరు ఉండడు. మార్కరు లేకపోతే వెనకాల క్వార్టరుండదు. నీకింకా రెండేళ్ల సర్వీసుంది కదూ?"

"అవును బాబూ."

"నీకీ పోస్టు ఎలా వచ్చిందో నేను చెప్పక్కర్లేదు. అప్పట్లో ఆ రిజర్వాయరు డిజైను చేసినవాళ్లలో నేనూ ఉన్నాను" అని గోపాలరాజు ఆప్యాయంగా నవ్వాడు.

దాలినాయుడి తండ్రి పొలం ఆ రిజర్వాయరు కింద ఉంది. ఇప్పటికీ ఉంది, నీళ్ల అడుగున. భూమి పోయిన కుటుంబానికి ఒక ఉద్యోగం అన్నారు. ఉద్యోగం అంటే కట్ట మీద ఏదో పనని ఇంట్లో అందరూ అనుకున్నారు. తీరా చూస్తే అధికారులు ఆడుకునే బల్ల దగ్గర బంతులు తుడిచే పని వచ్చింది. తండ్రి బతికున్నన్నాళ్లూ, మావాడు సర్కారు బల్ల చూస్తున్నాడని ఊళ్లో చెప్పుకుని తిరిగాడు. ఆ బల్లంత పచ్చగా తమ పొలం ఎన్నడూ లేదని కూడా అనేవాడు. అది సంతోషంతో అన్నాడో ఏడ్వలేక అన్నాడో దాలినాయుడికి ఈనాటికీ తెలియదు.

విచారణ శుక్రవారం బిలియర్డ్స్ గదిలో జరిగింది. అటవీశాఖ తరఫున రేంజరు సుభాషిణి వచ్చింది. ఏనుగు లోపలికి రావడానికి తలుపు రెక్కలూ పక్క కిటికీ చట్రమూ ఊడదీశారు. కాలరు లేనివారికి ఆ గదిలో ప్రవేశం లేదు కనక, దర్జీని పిలిచి రెండు దుప్పట్లు కలిపి కాలరు కుట్టించి ఏనుగు మెడకి తొడిగారు. గోళ్లకి నేల గీరుకోకుండా నాలుగు పాదాలకీ గోనెసంచులు కట్టారు. ఏనుగు అన్నిటికీ వీలుగా మెడ వంచింది, పాదం ఎత్తింది. దంతాలు ఉండవలసిన చోట రెండు గుంటలున్నాయి. వాటికేసి చూడటం మర్యాద కాదని సభ్యులందరూ పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తూ కూర్చున్నారు.

"దంతం ఎవరి పేర యాజమాన్య ధ్రువపత్రం ఉంటే వారిదే. రూలు అది" అంది సుభాషిణి. తర్వాత ఏనుగు వైపు తిరిగి, "మీ పేర పత్రం ఉందా అండీ?" అని అడిగింది. ఏనుగు చెవులు ఒకసారి కదిపింది. 'లేదు' అని ఆమె రాసుకుంది. ఆమె ముఖం చిన్నబోయింది. ఎనిమిదేళ్ల సర్వీసులో ఏనుగుని అండీ అని పిలవడం ఆమెకి ఇది మూడోసారి, మూడుసార్లూ ఇదే ప్రశ్న అడగవలసి వచ్చింది.

గోపాలరాజు లేచాడు. "దంతాలు ఆయనవేనని వాదన కోసం ఒప్పుకుందాం. ఈ నూట ఎనిమిదేళ్లూ వాటిని కాపాడిందెవరు? తవుట్లో పెట్టి రోజూ తిప్పిందెవరు? ఆయన దగ్గరే ఉండి ఉంటే ఈపాటికి ఏ మట్టిలోనో కలిసిపోయేవి. ఇక మార్కరు చెప్పే కథంటారా, అది అతిథుల కాలక్షేపం. దాలినాయుడూ, దొరగారు ఏనుగుని కాలుస్తుండగా నువ్వు చూశావా?"

"నేదు బాబూ."

"దంతం కోస్తుండగా చూశావా?"

"నేదు బాబూ."

సుభాషిణి కాసేపు కలం కొరుకుతూ కూర్చుని, బంతులు బల్ల మీద పెట్టమంది. దాలినాయుడు పెట్టె తెరిచి, తవుడు దులిపి, రెండు తెల్ల బంతులూ ఒక ఎర్ర బంతీ బల్ల నడుమ పెట్టి చెయ్యి తీశాడు. మూడు బంతులూ ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ఎవరూ తాకకుండానే మెల్లగా దొర్లుకుంటూ ఏనుగు నిలబడిన వైపుకి వెళ్లి గట్టుకి ఆనుకున్నాయి. ఏనుగుని అవతలి పక్కకి వెళ్లి నిలబడమన్నారు. గోనెపాదాలతో అది బల్ల చుట్టూ తిరిగి వెళ్లింది. బంతులు గట్టు వదిలి, వచ్చిన దారినే బల్లంతా దాటుకుని, దాని దగ్గరికి వెళ్లి ఆగాయి. ఏనుగు తొండం చాచింది. దాఖలు చేసిన వస్తువులు ముట్టుకోకూడదని గుమస్తా అనగానే వెనక్కి తీసుకుంది.

గోపాలరాజు ముందుకి వచ్చి, ఏనుగు బరువుకి నేల కుంగి బల్ల అటు వాలుతోందేమో చూడాలన్నాడు. అది న్యాయమేనని సుభాషిణి ఒప్పుకుంది. మట్టం పెట్టి చూడమంది. మట్టం చూడటం మార్కరు పని. క్లబ్బు పుట్టినప్పట్నుంచీ ఆ బల్ల మీదకి వంగి మట్టం చూసిన సభ్యుడు లేడు, మార్కరు పలికిన మాటే మాట.

దాలినాయుడు రసమట్టం పెట్టి, ఒక కన్ను మూసి, వంగాడు. బుడగ సరిగ్గా నడుమ ఉంది. చచ్చిన ఏనుగుకి బరువెక్కడిది? వెంట్రుకవాసి ఇటూ లేదు, అటూ లేదు. అంత నిక్కచ్చిగా బుడగ నిలవడం తన మొత్తం సర్వీసులో అతను చూడలేదు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. లేస్తే చెప్పాలి. బల్ల అవతల ఏనుగు తన వైపు చూస్తుందేమోనని భయపడ్డాడు. అది అతని వైపు చూడటం లేదు, బంతుల వైపే చూస్తోంది. క్వార్టరు గుర్తొచ్చింది. ఈ వయసులో సన్యాసమ్మని వెంటబెట్టుకుని అద్దెకొంప కోసం వీధి వీధీ తిరగడం గుర్తొచ్చింది. నీళ్ల అడుగున ఉన్న పొలంలోకి తిరిగి వెళ్లలేడని కూడా గుర్తొచ్చింది.

"దాలినాయుడు గారూ, వాలుందా?"

"ఉన్నాదమ్మా" అన్నాడు. "ఏనుగు నిలబడ్డ పక్కకి వాలతంది."

"సరిగ్గా చూశారా?"

"సూసినానమ్మా."

ఆమె రాసుకుంది. అంతే. ముప్పై ఏడేళ్లుగా పేకముక్కలు దోపి నిలబెట్టుకున్న బల్లకి అతను ఒక్క మాటతో వాలు పెట్టేశాడు. ఎవరైనా తనని కొడితే బాగుండునని అతనికి అనిపించింది. ఎవరూ కొట్టలేదు. ఒక సభ్యుడు భుజం తట్టాడు.

ఉత్తర్వు మరుసటి వారం వచ్చింది. బంతుల కదలిక బల్ల వాలు వల్ల సంభవించినట్టు సాంకేతిక సాక్ష్యం ఉన్నందున అర్జీ తిరస్కరించడమైనది. అయితే అర్జీదారు పైకి పోలేక, కిందికి రాలేక ఉన్న పరిస్థితిని గమనించి, మానవతా దృక్పథంతో, క్లబ్బు గేటు వద్ద కాపలాదారుగా ఆరు నెలల ఒప్పందం మీద తీసుకోవడమైనది. ఇందువల్ల అర్జీదారుకి తన దంతాలకి సమీపంలోనే ఉండే అవకాశం కలుగుతుంది. దాలినాయుడు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. అలాంటి కాగితం ఒకటి అతని ఇంట్లో ప్లాస్టిక్ కవరులో ఉంది. 'పొలం' అన్న చోట 'దంతాలు' అని పడింది తప్ప మిగతా వాక్యాలన్నీ అవే.

ఇంటికెళ్లి సన్యాసమ్మకి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె తిట్టలేదు. "పోనీలే, మనకీ ఒక కొంప ఉండాలి గదా" అంది. ఆ తర్వాత చాలాసేపు చీపురు పట్టుకుని ఊడ్చిన చోటే ఊడ్చింది.

బల్లకి వాలున్నట్టు మినిట్సులో నమోదైంది కనక ఆ రోజునుంచి అది వాలు బల్ల అయింది. గురి తప్పిన ప్రతివాడూ వాలు మీదకి నెట్టేవాడు. వాలు వల్ల తప్పిన దెబ్బకి ఒక పాయింటు రాయితీ ఇవ్వాలని కమిటీ తీర్మానించింది. దెబ్బ వాలు వల్ల తప్పిందో చేతకాక తప్పిందో మార్కరు ప్రకటించాలి. దాలినాయుడు రోజుకి నలభైసార్లు 'వాలు' అని పిలిచి బోర్డు మీద పాయింటు జరిపేవాడు. పొద్దున్నే మట్టం పెట్టడం మాత్రం మానేశాడు. బుడగ ముఖం చూడలేకపోయాడు.

ఏనుగు పని త్వరగానే నేర్చుకుంది. తల మీద ఖాకీ టోపీ, మెడలో అదే కాలరు. కార్లు వస్తే తొండంతో గేటు తీసి, తొండం నుదుటికి ఆనించి సలాము కొట్టేది. బంతులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు లోపల్నుంచి వినబడినప్పుడల్లా మొదట్లో ఒళ్లు జలదరించేది. రెండు నెలలకి అదీ తగ్గింది.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు దాలినాయుడు ధైర్యం చేసి గేటు దగ్గరికి వెళ్లాడు.

"నాను నీకు అన్నేయం సేసినాను తండ్రీ. బల్ల సమంగానే ఉన్నాది. బుడగ నడిమినే ఉన్నాది. నా కళ్లతో నాను సూసినాను. అయ్యి నీయే" అన్నాడు. కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. ఏనుగు చెవులు కదపకుండా విన్నది. ఏదో చెప్పబోయినట్టు అడుగు ముందుకి వేసింది. ఇంతలో రోడ్డు మలుపులో గోపాలరాజు కారు హారను వినిపించింది. అది గభాలున వెనక్కి తిరిగి గేటు తీసి సలాము కొట్టింది.

అయిదో నెలలో ఒక మంగళవారం గేటు ముందుకి ముసలి ఆడ ఏనుగు ఒకటి వచ్చింది. చెవి అంచులు చిరిగిపోయి, డొక్కలు లోపలికి పోయి ఉంది. లేఖరి చేత రాయించిన అర్జీ కూడా తెచ్చుకుంది. కొడుకు వస్తాడని నూట ఎనిమిదేళ్లు లోపల ఎదురుచూసి, రాకపోయేసరికి లోపలి చోటు వదులుకుని వచ్చానని, చట్టప్రకారం వారసురాలిని కనక కొడుకు దంతాలు తనకైనా ఇప్పించాలని అందులో ఉంది. లోపలి చోటు వదులుకున్నవాళ్లకి మళ్లీ ప్రవేశం ఉండదని కింద చిన్న అక్షరాల్లో అచ్చయి ఉంది.

దాలినాయుడు వరండాలో నిలబడి చూస్తున్నాడు. ముసలిది తొండం చాచి గేటు ఊచల మధ్యనుంచి కొడుకు నుదురు తడిమింది. టోపీ కింద పడింది. దంతాలు లేని గుంటలు రెండూ తడిమింది. చిన్న ఏనుగు కళ్లు మూసుకుంది. అంత పెద్ద శరీరం గాలికి ఊగే పరదాలా వణికిపోయింది. ఇప్పుడు గేటు తీస్తుందని దాలినాయుడు అనుకున్నాడు. తీస్తే బాగుండునని మనసులో దండం కూడా పెట్టుకున్నాడు.

అది కళ్లు తెరిచింది. వంగి టోపీ తీసి దుమ్ము దులిపి పెట్టుకుంది. గోడకి వేలాడుతున్న రిజిస్టరు అందుకుని తల్లి ముందు పెట్టింది. పేరు, ఊరు, ఎవరిని కలవాలి, ఏ సభ్యుడి సిఫార్సు మీద. ముసలి ఏనుగు ఆ గళ్లకేసి చాలాసేపు చూసింది. రాయడం దానికి రాదు. రిజిస్టరు నిండని వారిని లోపలికి పంపరాదు. చిన్న ఏనుగు తొండంతో తల్లి భుజాన్ని మెల్లిగా, ఎక్కడా నొప్పి పెట్టకుండా, రోడ్డు వైపు తిప్పింది. ముసలిది నడిచి వెళ్లిపోయింది. ఎక్కడికి వెళ్లిందో ఎవరికీ తెలియదు. దానికి వెళ్లే చోటంటూ లేదు.

దాలినాయుడు చెప్పులు కూడా లేకుండా గేటు దగ్గరికి పరుగెత్తాడు.

"మీ అమ్మ గదా! మీ అమ్మ గదరా తండ్రీ!" అన్నాడు రొప్పుతూ.

ఏనుగు అతని ముఖంలోకి చూసింది. తర్వాత నిటారుగా నిలబడి, తొండం నుదుటికి ఆనించి, అతనికి సలాము కొట్టింది. ముప్పై ఏడేళ్లలో దాలినాయుడికి ఎవరూ సలాము కొట్టలేదు. ఏం చెయ్యాలో తోచక, మెంబర్లు ఊపినట్టే తల కొద్దిగా ఊపి, లోపలికి వెళ్లిపోయాడు.